చక్రం మూలుగుతోందా?

ఇంజిన్ బాగానే ఉంది. బ్రేకులూ బాగానే పడుతున్నాయి. టైర్లు మార్చి ఆరు నెలలు కూడా కాలేదు. అయినా బండి యాభై, అరవై దాటేసరికి కింద నుంచి 'గూ...' మంటూ ఒకటే రొద. వేగం పెంచితే పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. పాటల సౌండు పెంచితే అసలు వినిపించదు. చాలామంది చేసేదీ అదే! 'పాత బండి కదా, ఆమాత్రం చప్పుడు ఉంటుందిలే' అని సరిపెట్టుకుంటారు. కానీ ఆ రొద వెనక చాలాసార్లు ఉండేది అరిగిపోయిన వీల్ బేరింగు. మొదట్లోనే వింటే చిన్న ఖర్చుతో పోతుంది. వినకపోతే హబ్బు, బ్రేకు, చివరికి చక్రమే చేటు తెస్తుంది.

కందెన నుంచి గోళీల దాకా

ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టడం పల్లెల్లో పుట్టిపెరిగిన వాళ్లందరికీ తెలిసిన పనే. కందెన ఎండిపోతే ఇరుసు కిర్రుమంటుంది, ఎడ్లకు బరువవుతుంది. కారు చక్రానిదీ అదే బాధ. చక్రం తిరగాలి, దాన్ని పట్టుకున్న భాగం తిరగకూడదు. ఈ రెండింటి మధ్య రాపిడి లేకుండా చూసేదే బేరింగు.

దాని నిర్మాణం చూడ్డానికి తేలికే. లోపల ఒక ఉక్కు వలయం, బయట ఒక ఉక్కు వలయం. మెకానిక్కులు వీటిని రేసులంటారు. రెండింటి మధ్య గోళీలో, రోలర్లో ఉంటాయి. అవి ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా పట్టి ఉంచేందుకు ఒక కేజ్. లోపల గ్రీజు. ఆ గ్రీజు బయటకు పోకుండా, నీళ్లూ దుమ్మూ లోపలికి రాకుండా రెండు పక్కలా సీళ్లు. రాసుకుంటూ జారే బదులు దొర్లుకుంటూ పోవడమే ఇందులోని కిటుకు.

ఈ కిటుకు కారు కంటే చాలా పాతది. వేల్స్‌కు చెందిన ఫిలిప్ వాన్ గుర్రబ్బగ్గీ ఇరుసుల కోసం బాల్ బేరింగుకు 1794లోనే పేటెంటు తీసుకున్నాడు. 1869లో పారిస్ నుంచి రువాన్ వరకూ జరిగిన సైకిల్ పందెంలో జేమ్స్ మూర్ గెలిచిన సైకిలుకు ఉన్నవి బాల్ బేరింగులే. జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో ఫ్రెడ్రిక్ ఫిషర్ 1883లో ఉక్కు గోళీలను ఒకే కొలతలో గుండ్రంగా సాన పట్టే యంత్రాన్ని తయారుచేశాడు. బేరింగులు పెద్దఎత్తున తయారు కావడానికి దారి తీసింది అదే. అమెరికాలో బగ్గీలు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో టేపర్ రోలర్ బేరింగుకు పేటెంటు పొందాడు. నిలువుగా పడే బరువునూ, మలుపుల్లో పక్క నుంచి పడే తోపునూ రెండింటినీ తట్టుకునే ఆ రకం ఇప్పటికీ లారీల్లో, ట్రాక్టర్లలో కనిపిస్తుంది.

రోజూ ఎంత పని?

ఐదుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెడితే చిన్న కారు కూడా టన్ను దాటుతుంది. అంటే ఒక్కో చక్రం మీద పావు టన్నుకు పైనే. దాన్ని మోస్తూ చిన్న కారు చక్రం కిలోమీటరుకు దాదాపు 600 చుట్లు తిరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పది చుట్లు! విజయవాడ నుంచి హైదరాబాదుకు సుమారు 275 కిలోమీటర్లు. ఆ ఒక్క ప్రయాణంలోనే లక్షా 60 వేల చుట్లకు పైన. లక్ష కిలోమీటర్లు తిరిగిన కారులో బేరింగు ఆరు కోట్ల చుట్లు తిరిగినట్టు లెక్క. మంచి బేరింగు మంచి రోడ్ల మీద ఇంతపనీ కిక్కురుమనకుండా చేస్తుంది. అంతకుముందే పోయిందంటే ఏదో కారణం ఉండే ఉంటుంది.

ముందే ఎందుకు పోతుంది?

మొదటిది బరువు. గోళీల బేరింగు ఆయుష్షుకు ఇంజినీర్లు వాడే లెక్క ఒకటుంది. 1947లో లుండ్‌బర్గ్, పామ్‌గ్రెన్ అనే స్వీడన్ పరిశోధకులు ప్రకటించిన పద్ధతి అది. దాని ప్రకారం బేరింగు మీద బరువు రెట్టింపైతే ఆయుష్షు సగం కాదు... ఎనిమిదో వంతుకు పడిపోతుంది! బరువు పావు వంతు పెరిగినా చాలు, ఆయుష్షు దాదాపు సగమవుతుంది. ఐదుగురి కారులో ఎనిమిది మందిని ఎక్కించి, పైన క్యారియర్ మీద బియ్యం బస్తాలు వేసి ఊరి నుంచి తెచ్చేవారు గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇది.

రెండోది గుంతలు. నెమ్మదిగా మోసే బరువు వేరు, దెబ్బ వేరు. వేగంగా వెళ్తూ గుంతలో పడినా, చక్రం డివైడరు అంచుకు గుద్దుకున్నా ఆ దెబ్బకు గోళీలు రేసు మీద సన్నటి గుంటలు పెడతాయి. కంటికి కనిపించనంత చిన్నవే. కానీ ప్రతి చుట్టులోనూ గోళీలు వాటి మీదుగా దొర్లాలి. గుంట అంచులు కొంచెం కొంచెంగా రాలి, ఆ పొడి గ్రీజులో కలిసి, తక్కిన భాగాన్ని గీరేస్తుంది. దెబ్బ తగిలింది ఇవాళైతే చప్పుడు బయటపడేది కొన్ని వారాలకో, నెలలకో!

మూడోది నీళ్లు. దూరం నడిచిన బండిలో హబ్బు, బేరింగు వేడెక్కి ఉంటాయి. ఆ వేడి మీద మోకాలి లోతు నీళ్లలోకి దింపితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకు సీలు అంచు పక్క నుంచి నీళ్లు లోపలికి వెళ్తాయి. గ్రీజు పాడవుతుంది, ఉక్కు తుప్పు పడుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌నూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడనూ ముంచిన వరదల్లాంటివి వచ్చినప్పుడు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోతాయి. అలాంటి బండికి ఇంజిన్ ఆయిలు మార్చి, సీట్లు ఎండబెట్టి, స్టార్ట్ అయింది కదా అని ఊరుకుంటే సరిపోదు. చక్రాల బేరింగులు కూడా చూపించాల్సిందే. సెకండ్ హ్యాండు కారు కొనేవాళ్లు అయితే మరీనూ.

ఇక నాలుగోది మనిషి చేతి తప్పు. బ్రేకు పనికో, సస్పెన్షన్ పనికో హబ్బు విప్పి, తిరిగి సుత్తితో కొట్టి బిగిస్తే కొత్త బేరింగు కూడా ఎక్కువ రోజులు నిలవదు. కంపెనీ కొలతలు దాటి బయటకు పొడుచుకొచ్చే వెడల్పు రిమ్ములు వేయించినా అంతే. బరువు పడే చోటు మారిపోయి బేరింగు మీద అదనపు తోపు పడుతుంది.

ఆ చప్పుడు ఎవరిది?

కారులో రొద చేసేవి చాలా ఉన్నాయి. ఒకటి అనుకుని ఇంకొకటి మార్పించుకుంటే డబ్బూ పోతుంది, చప్పుడూ పోదు. కాబట్టి ముందు ఒక్కొక్కదాన్నీ పక్కన పెట్టుకుంటూ రావాలి.

ఇంజినా కాదా అన్నది తేల్చడం తేలిక. ఖాళీగా ఉన్న, తిన్నగా ఉన్న రోడ్డు మీద క్లచ్ తొక్కి పట్టుకుంటే ఇంజిన్ వేగం పడిపోతుంది. అప్పుడు కూడా రొద అలాగే ఉండి, బండి వేగంతో పాటే నెమ్మదిగా తగ్గుతుంటే తప్పు ఇంజిన్‌ది కాదు.

తర్వాత అనుమానించాల్సింది టైరును. మెట్లు మెట్లుగా అరిగిన టైరు అచ్చం బేరింగు లాగే మోత పెడుతుంది. తేడా ఏమిటంటే, టైరు మోత రోడ్డును బట్టి మారుతుంది. నున్నటి తారు రోడ్డు మీద ఒకలా, సిమెంటు రోడ్డు మీద ఇంకోలా ఉంటుంది. బేరింగు రొదకు రోడ్డుతో పెద్దగా పనిలేదు. అరచేత్తో టైరు మీద అటూ ఇటూ నిమిరితే ఎగుడుదిగుళ్లు తెలుస్తాయి. అప్పటికీ తేలకపోతే ముందు టైర్లు వెనక్కీ, వెనకవి ముందుకూ మార్చి చూడాలి. చప్పుడు చోటు మారిందంటే అది టైరుదే.

స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలించినప్పుడు 'కట కట' మంటే యాక్సిల్ జాయింటును చూపించాలి. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే బ్రేకు ప్యాడ్లను చూపించాలి.

ఇక బేరింగే అని అనుమానం బలపడితే ఏ చక్రానిదో తేల్చాలి. వెడల్పాటి ఖాళీ రోడ్డులో స్టీరింగును మెత్తగా కుడికీ ఎడమకూ తిప్పితే బరువు పక్కకు ఒరుగుతుంది. కుడికి తిప్పితే ఎడమ చక్రాల మీద, ఎడమకు తిప్పితే కుడి చక్రాల మీద బరువు పెరుగుతుంది. కుడికి తిప్పినప్పుడు రొద పెరిగి, ఎడమకు తిప్పినప్పుడు తగ్గితే ముందుగా ఎడమ వైపు చూడాలి. అయితే ఇదొక్కటే నమ్ముకుని బేరింగు మార్చేయకూడదు. చప్పుడు కారు బాడీలో పాకి, వెనక చక్రానిది ముందు నుంచి వస్తున్నట్టూ, ఒక పక్కది ఇంకో పక్కదన్నట్టూ వినిపిస్తుంది. పరీక్ష పూర్తి కావాలంటే చక్రాన్ని పైకి ఎత్తి చూడాల్సిందే.

జాకీ ఎత్తి చూస్తే...

గట్టి నేల మీద బండి ఆపి, నేల మీద ఉండే చక్రాలకు రాళ్లు అడ్డు పెట్టి, జాకీతో ఎత్తాక కింద స్టాండు కూడా పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి తల పెట్టకూడదు.

ఇప్పుడు టైరును పైనా కిందా... గడియారంలో 12, 6 ఉండే చోట్ల... రెండు చేతులతో పట్టుకుని ఊపాలి. ఇప్పటి కార్ల బేరింగుల్లో చేతికి తెలిసేంత లూజు ఉండకూడదు. 'టక్ టక్' మని కదిలితే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపి చూడాలి. బ్రేకు తొక్కగానే కదలిక ఆగిపోతే లూజు బేరింగులో ఉన్నట్టు. బ్రేకు తొక్కినా అలాగే కదులుతుంటే బాల్ జాయింటు లాంటి సస్పెన్షన్ భాగాల్ని అనుమానించాలి. ముందు చక్రం 9, 3 దగ్గర పట్టుకున్నప్పుడే ఊగుతుంటే అది టై రాడ్ ఎండు కావచ్చు.

లూజు లేనంత మాత్రాన బేరింగు బాగున్నట్టు కాదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒక చేత్తో చక్రాన్ని తిప్పుతూ రెండో చేతిని సస్పెన్షన్ స్ప్రింగు మీద ఉంచాలి. బాగున్న బేరింగు తిరుగుతున్నట్టే తెలియదు. పాడైనదైతే ఇసుక మీద దొర్లుతున్నట్టు గరగరమంటూ స్ప్రింగులోంచి చేతికి అదురు తెలుస్తుంది. చేతిని వేళ్లు నలిగే చోట పెట్టకుండా చూసుకోవాలి. నాలుగు చక్రాలకూ ఇలాగే చేసి పోల్చి చూస్తే తేడా ఇట్టే దొరుకుతుంది.

ఇంకో సూచన ఉంది. చక్రం వేగాన్ని లెక్కపెట్టే ఏబీఎస్ సెన్సరు చాలా కార్లలో బేరింగుకే ఉండే అయస్కాంతపు వలయాన్ని చూస్తుంది. బేరింగు వదులై ఊగితే ఆ లెక్క తప్పి, డాష్‌బోర్డు మీద ఏబీఎస్ దీపం వెలుగుతుంది. అన్నిసార్లూ కారణం బేరింగే కాకపోయినా, రొదతో పాటు దీపం కూడా వెలిగితే అశ్రద్ధ చేయకూడదు. విద్యుత్ కార్లున్న వారికి ఒక సౌకర్యం ఉంది. ఇంజిన్ మోత ఉండదు కాబట్టి బేరింగు రొద ముందుగానే చెవిన పడుతుంది. అయితే బ్యాటరీ బరువు వల్ల బేరింగులకు పనీ ఎక్కువే.

ఇంకొన్నాళ్లు నడపొచ్చా?

మెకానిక్కుకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఊరెళ్లి వచ్చాక చేయిద్దాం, పండగ తర్వాత చూద్దాం అంటుంటారు. సన్నటి రొద మాత్రమే ఉండి, లూజు లేకపోతే నెమ్మదిగా షెడ్డు దాకా నడుపుకుంటూ వెళ్లొచ్చు. అంతే, దూర ప్రయాణానికి అది లైసెన్సు కాదు. పాడైన బేరింగు ఎన్ని కిలోమీటర్లు వస్తుందో చెప్పే మీటరు ఏదీ లేదు.

లూజు ముదిరితే చక్రంతో పాటు బ్రేకు డిస్కు కూడా అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుకు ప్యాడ్లు వెనక్కి నెట్టుకుపోతాయి. తర్వాత బ్రేకు తొక్కితే పెడల్ మామూలు కంటే కిందికి వెళ్లాక గానీ పట్టదు. ఎదురుగా పిల్లాడో, గేదో అడ్డొచ్చిన క్షణంలో ఆ ఖాళీయే ప్రాణాల మీదకు తెస్తుంది. ఇంకా ముదిరితే రాపిడికి హబ్బు వేడెక్కి, గ్రీజు మాడి, గోళీలు పట్టేస్తాయి. అప్పుడు చక్రం బిగుసుకుపోవచ్చు, హబ్బు విరిగి చక్రం ఊడి పోనూ వచ్చు. కాబట్టి లూజు ఉన్నా, గరగర స్పష్టంగా వినిపిస్తున్నా, కాసేపు నడిపేసరికి ఒక్క చక్రం దగ్గరే మాడు వాసన వస్తున్నా బండిని నడపకూడదు. ఎత్తుకెళ్లే బండిని పిలిపించుకోవాలి. కుటుంబమంతా తిరుపతి కొండకో, సంక్రాంతికి ఊరికో బయల్దేరే ముందు చేయించే చెకింగులో ఆయిలు, కూలెంటుతో పాటు బేరింగుల్నీ చేర్చమనడం మంచిది.

మార్చేటప్పుడు

అరిగిన బేరింగుకు గ్రీజు పెట్టడం వైద్యం కాదు. మార్చడమే మార్గం. అయితే అన్ని కార్లలో పని ఒకేలా ఉండదు.

కొన్ని కార్లలో బేరింగు, హబ్బు కలిపి ఒకే యూనిట్టుగా వస్తాయి. బోల్టులు విప్పి పాతది తీసి కొత్తది బిగించడమే. వస్తువు ఖరీదు ఎక్కువ, పని తక్కువ. చాలా చిన్న కార్ల ముందు చక్రాలకు మాత్రం బేరింగును నకిల్ అనే పోత భాగంలోకి బిగుతుగా ప్రెస్ చేసి ఉంటుంది. బేరింగు ఖరీదు తక్కువే, పనే ఎక్కువ. కొన్నిటిలో వెనక బేరింగులు బ్రేకు డ్రమ్ములో ఉంటాయి.

ప్రెస్ చేసే రకంలో పని ఇలా సాగుతుంది. చక్రం నేల మీద ఉండగానే హబ్బు మధ్యలోని పెద్ద నట్టును వదులు చేస్తారు. తర్వాత బండి ఎత్తి, చక్రం తీసి, బ్రేకు క్యాలిపర్ విప్పుతారు. దాన్ని రబ్బరు పైపుకు వేలాడేయకుండా తీగతో స్ప్రింగుకు కట్టాలి, లేదంటే పైపు లోపల చిట్లుతుంది. డిస్కు, సెన్సరు, టై రాడ్, బాల్ జాయింటు విప్పాక నకిల్ బయటికి వస్తుంది. దాన్ని హైడ్రాలిక్ ప్రెస్ మీద పెట్టి హబ్బును నెట్టేస్తారు. సర్‌క్లిప్ తీసి పాత బేరింగును నెట్టేస్తారు. హబ్బుకు అంటుకుని ఉండిపోయిన లోపలి రేసును పుల్లర్‌తో లాగాలి. షెడ్డులో ప్రెస్ లేకపోతే మెకానిక్కు నకిల్‌ను లేత్ షాపుకు తీసుకెళ్తాడు.

అసలు మెలకువ కొత్తది ఎక్కించడంలో ఉంది. నకిల్‌లోకి నెట్టేటప్పుడు ఒత్తిడి బయటి రేసు మీదే పడాలి. హబ్బును అందులోకి నెట్టేటప్పుడు లోపలి రేసుకు కింద ఆధారం ఉండాలి. ఇది తారుమారైతే ఒత్తిడంతా గోళీల మీదుగా పోయి, రేసు మీద గుంటలు పడతాయి. అంటే బేరింగు బండికి ఎక్కకముందే సగం పోయినట్టు! సుత్తి దెబ్బ కూడా చేసేది ఇదే. 'కొత్త బేరింగు వేసినా నెలకే మోత మొదలైంది' అనే ఫిర్యాదుల వెనక తరచూ ఉండేది ఈ తప్పే.

అయస్కాంతపు వలయం ఉన్న బేరింగుకు ముఖం, వెనక ఉంటాయి. ఆ వలయం సెన్సరు వైపే ఉండాలి. తిరగేసి ఎక్కిస్తే ఏబీఎస్ పనిచేయదు, పనంతా మళ్లీ మొదటికొస్తుంది. సీలు వేసి వచ్చిన బేరింగును తెరిచి అదనంగా గ్రీజు కూరకూడదు. పాత సర్‌క్లిప్, పాత హబ్బు నట్టు పారేసి కొత్తవి వాడాలి. ఆ నట్టును ఎయిర్ గన్‌తో ఇష్టం వచ్చినట్టు బిగించకుండా, మాన్యువల్‌లో చెప్పిన కొలతకు టార్క్ పానాతోనే బిగించాలి. బేరింగు రెండు సగాల్నీ సరిగ్గా దగ్గర పట్టి ఉంచేది ఆ నట్టే. వదులైతే బేరింగు ఊగుతుంది, మరీ బిగిస్తే వేడెక్కుతుంది. ఆ నట్టు బిగించకుండా బండిని నేలకు దించి దొర్లించకూడదు కూడా.

టేపర్ రోలర్లున్న పాత బండ్లది వేరే పద్ధతి. వాటిని విప్పి, కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు పెట్టుకోవచ్చు. నట్టును మాన్యువల్ ప్రకారం బిగించి, కాస్త వెనక్కి వదిలి, కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. గ్రీజు మార్చే ఈ పనిని క్రమం తప్పకుండా చేయించుకుంటే అవి చాలాకాలం వస్తాయి.

ఒక పక్క బేరింగు పోతే రెండో పక్కదీ మార్చాలా? తప్పనిసరేం కాదు. గుంత దెబ్బకు పోతే రెండోది బాగానే ఉండొచ్చు. అయితే కారు వరదలో మునిగినా, లక్ష దాటి తిరిగి ఉన్నా రెండోదాన్ని కూడా పరీక్షించాలి. సస్పెన్షన్ బోల్టులు విప్పారు కాబట్టి పని పూర్తయ్యాక వీల్ అలైన్‌మెంట్ చూపించడం మర్చిపోకూడదు.

డబ్బా చూసి మోసపోవద్దు

విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లినా, సికింద్రాబాద్ రాణిగంజ్‌కు వెళ్లినా ఒకే బండికి నాలుగు ధరల్లో బేరింగులు చూపిస్తారు. పేరున్న కంపెనీ డబ్బాల్లో నకిలీలు రావడం ప్రపంచమంతటా ఉన్న బెడదే. ధర మరీ తక్కువైతే సందేహించాలి. పార్టు నంబరు డబ్బా మీదా, బేరింగు మీదా ఒకటే ఉందో లేదో చూడాలి. అక్షరాలు చెదిరిపోయి ఉన్నా, ప్యాకింగు విప్పి మళ్లీ అతికించినట్టున్నా తీసుకోకూడదు. బిల్లు తప్పకుండా అడగాలి. ఎస్‌కేఎఫ్ లాంటి కంపెనీలైతే ఫొటో తీసి పంపితే అసలుదో కాదో చెప్పే ఫోన్ యాప్‌లు కూడా ఇస్తున్నాయి. చిన్న కారుకు ప్రెస్ చేసే రకం మంచి బేరింగు కూడా సాధారణంగా ఒక కొత్త టైరు కంటే తక్కువకే వస్తుంది. ఇందులో మిగుల్చుకునే వంద, రెండొందలు తర్వాత రెండోసారి ఇచ్చే కూలి కిందే పోతాయి.

ఇవి గుర్తుంచుకోండి

* నెలకోసారైనా పాటలు ఆపి, అద్దాలు దించి, ఖాళీ రోడ్డు మీద కారు చప్పుడు వినండి.

* గుంతలో గట్టిగా పడినా, డివైడరుకు చక్రం తగిలినా ఆ తేదీ రాసి పెట్టుకోండి. తర్వాత రొద వస్తే మెకానిక్కుకు దారి దొరుకుతుంది.

* కారు కడిగించేటప్పుడు నీళ్ల గన్‌ను హబ్బు మధ్యలోకి దగ్గర నుంచి కొట్టనివ్వకండి.

* నిండుగా నీళ్లు నిలిచిన రోడ్డులోకి వేడి బండిని దించకండి. తప్పక దించితే, తర్వాత బేరింగులు చూపించండి.

* మార్పించిన పాత బేరింగును అడిగి తీసుకుని చేత్తో తిప్పి చూడండి. గరగరమంటే మార్చడం న్యాయమే. నున్నగా తిరిగితే... ఆ రొద ఇంకెక్కడిదో అప్పుడే అడగండి!